కాటా ముల్లు కదలని నెలలు



పోయిన సంచికలో మేము అచ్చువేసిన జమాఖర్చుల పేజీలో ఒక చిన్న పద్దు ఉంది. బరువు చూసే కాటా, బీపీ మిషను, షుగరు మిషను, దానికి స్ట్రిప్పులు. అది చూసి దాతల్లో ఇద్దరు ముగ్గురు ఫోను చేశారు. పిల్లల చదువులకు, పేదింటి పెళ్ళిళ్ళకు ఇచ్చిన డబ్బుతో కాటాలు కొనటం ఏమిటని అడిగారు. అడగటం న్యాయమే. డబ్బు ఇచ్చినవారికి లెక్కతో పాటు ఆ వస్తువు ఏమైందో కూడా తెలియాలి. కాబట్టి ఆ కాటా సంగతే రాస్తున్నాం.

కాటా బాగానే పనిచేస్తోంది. దాని మీద ఎక్కినవాళ్ళే రెండు మూడు నెలలకు రావటం మానేశారు. ఎందుకు మానేశారని ఇళ్ళకు వెళ్ళి అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే. "తగ్గటంలేదు భాయ్, ఎందుకొచ్చిన తిప్పలు?"

అలా మానేసినవారిలో రొంపిచర్లలోనే కుట్టుమిషను తొక్కుకుని బతికే ఒక ఖాలా ఉంది. మొదటిసారి ఎక్కినప్పుడు 78 కిలోలు. షుగరు ఉంది, బిళ్ళలు వాడుతోంది. మోకాళ్ళ నొప్పితో నమాజు మంచం అంచున కూర్చుని చదువుకునేది. రాత్రి అన్నం మాని రెండు జొన్నరొట్టెలు తిన్నది, చాయ్‌లో పంచదార మానింది, ఫజర్ అయ్యాక కోడలితో కలిసి నడిచింది. మొదటి పదిహేను రోజుల్లో రెండు కిలోలు తగ్గేసరికి ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. ఆ తర్వాత రెండున్నర నెలలకు తగ్గింది ఒక్క కిలో. "ఇంత నోరు కట్టుకుంటే మూడు కిలోలేనా బాబూ?" అని కాటా దిగి వెళ్ళిపోయింది. నడక మానింది, రొట్టెలు మానింది, ఆ కోపంలో బిళ్ళలు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఎనిమిది నెలల తర్వాత కాలి మీద పుండుతో మా శిబిరానికి వచ్చింది. షుగరు 300 దాటి ఉంది.

ఇందులో మా తప్పు ఉంది, ఒప్పుకోవాలి. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. "ఇంకాస్త తగ్గించి తినండి ఖాలా, అదే తగ్గుతుంది" అన్నాం. ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇది. ఆమెకు తగ్గాల్సినట్టే తగ్గింది. పొరపాటు ఆమె ఒంట్లో లేదు, ఇంత తగ్గాలని మనం పెట్టుకున్న లెక్కలో ఉంది.

ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో మనందరికీ గుర్తే. 2017, 2018 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారి డైటు మన పల్నాడంతా పాకింది. ఊళ్ళలో పెద్ద పెద్ద సభలు జరిగాయి. అన్నం, పంచదార పూర్తిగా బంద్. కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు. మన ఇళ్ళలో కూడా చాలామంది చేశారు. మాంసం తినొచ్చన్నారు కాబట్టి మనవాళ్ళకు ఇంకా ఇష్టంగా ఉంది. ఆ పద్ధతి మంచిచెడ్డల చర్చ ఇక్కడ మాకు అక్కర్లేదు. అది డాక్టర్లు చేయవలసిన చర్చ. కానీ "నెలకు పదికిలోలు" అనే మాట అప్పుడే మన చెవుల్లో పడిపోయింది. అలా తగ్గినవాళ్ళలో ఎంతమంది ఇవాళ ఆ బరువులోనే ఉన్నారో మీ చుట్టాల్లోనే లెక్క వేసుకోండి. ఆ పదికిలోల మాట మాత్రం పోలేదు. ఇప్పుడు మూడు నెలలకు మూడు కిలోలు తగ్గినవారు తాము ఓడిపోయామనుకుంటున్నారు.

మొదటి పదిహేను రోజుల్లో తగ్గేది ఏమిటి? మిరప పండించేవారికి ఇది చెప్పనక్కర్లేదు. కల్లంలో ఆరబోసిన కాయ మొదటి నాలుగు రోజుల్లో గబగబా బరువు తగ్గుతుంది. తగ్గింది కాయ కాదు, తేమ. గుంటూరు యార్డుకు వెళ్ళేసరికి ఆ తేమ ఎంత ఉందన్న దాని మీదే బేరమంతా. మన ఒంట్లో కూడా అంతే. కాలేయంలో, కండల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. అది ఒక గ్రాము ఉంటే దానితో దాదాపు మూడు గ్రాముల నీరు పట్టుకుని ఉంటుంది. అన్నం తగ్గించగానే ముందు ఆ నిలవ ఖర్చవుతుంది, నీరు పోతుంది. ఒకటి రెండు కిలోలు చకచకా దిగుతాయి. కొవ్వు కరగటం ఆ వెనకాల నిదానంగా సాగుతుంది. ఖాలా విషయంలో మొదటి రెండు కిలోల్లో చాలా భాగం తేమ, తర్వాతి ఒక్క కిలో మాత్రం దాదాపు అంతా సరుకే. ఆమె సంతోషపడిన రోజుల్లో జరిగిన దానికంటే, కోపం తెచ్చుకున్న రోజుల్లోనే అసలు పని జరిగింది.

ఆ నిదానం కూడా రాను రాను పెరుగుతుంది. 78 కిలోల మనిషిని మోయటానికి అయ్యే ఇంధనం 75 కిలోల మనిషికి అక్కర్లేదు. పాత పుస్తకాల్లో 7,700 కాలరీలు తగ్గిస్తే ఒక కిలో తగ్గుతుందని ఉంటుంది. ఆ లెక్క ఎన్నేళ్ళైనా అలాగే సాగుతుందనుకోవటమే పొరపాటు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థకు చెందిన కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో దీన్ని సరిచేసింది. వారు చెప్పిన సుమారు లెక్క ఇలా ఉంటుంది. రోజుకు 24 కాలరీలు తగ్గించి అదే అలవాటు నిలుపుకుంటే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గటానికే ఏడాది పడుతుంది. దాదాపు మొత్తం తగ్గటానికి మూడేళ్ళు.

మన వంటింట్లో చూద్దాం. 100 గ్రాముల వండిన అన్నం, నాలుగు చెంచాల పంచదార, ఒక చెంచా నూనె కలిపితే సుమారు 240 కాలరీలు. ఇవి రోజూ మానేస్తే పాత లెక్కన ఏడాదికి 11 కిలోలు తగ్గాలి. కొత్త లెక్కన ఏడాదికి తగ్గేది 5 కిలోలు. మిగతా 5 ఆ తర్వాత రెండేళ్ళలో వస్తాయి. అంటే నెలకు నాలుగు వందల గ్రాములు. మన కాటా ముల్లు మీద అది సరిగ్గా కనపడను కూడా కనపడదు. ముందురోజు రాత్రి దావత్‌లో బిర్యానీ, మీద ఆవకాయ తింటే ఆ ఉప్పు పట్టుకునే నీరే కిలో ఉంటుంది. ఆడవాళ్ళకు నెలసరి రోజుల్లో కూడా అంతే. నెలంతా పడిన కష్టం ఒక్క రాత్రి నీటి కింద దాగిపోతుంది.

ఇది చాలదన్నట్టు ఆకలి ఒకటి. బరువు తగ్గాక నోరు అదుపులో ఉండటంలేదని, తమకు ఈమాన్ బలహీనంగా ఉందని బాధపడేవాళ్ళను చూశాం. అది అన్యాయం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 50 మందిని తక్కువ ఆహారంతో బరువు తగ్గించి ఏడాది దాకా పరీక్షించారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఏడాది తర్వాత కూడా ఎక్కువగానే ఉంది. చాలు అని చెప్పే లెప్టిన్ తక్కువగానే ఉంది. పోయిన బరువును వెనక్కి తెచ్చుకోమని ఒళ్ళే అడుగుతుంది. కరువు రోజుల్లో ఆ గుణమే మన పెద్దలను బతికించి ఉంటుంది. ఇవాళ అది మనకు ఎదురు తిరిగింది. ఆకలి వేయటం పాపం కాదు. కడుపు నింపేవి ఏమిటో చూసుకోవాలి. పప్పు, గుడ్డు, కూరగాయలు, నూనె తక్కువ వేసిన చేప, కోడి ముందు తిని, అన్నం తర్వాత పెట్టుకుంటే ఆ గోల కొంత తగ్గుతుంది.

మరి ఇంత నిదానమైన పనికి మనిషి ఎందుకు కట్టుబడి ఉండాలి? మేము దాతలకు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి ఆధ్వర్యంలో జరిగిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. షుగరు అంచున ఉన్న 531 మందిని తీసుకుని సుమారు మూడేళ్ళు చూశారు. మామూలు సలహాతో వదిలేసినవారిలో 100కి 55 మందికి షుగరు వ్యాధి వచ్చింది. రోజూ అరగంట నడక, పంచదార, నూనె, పిండిపదార్థాలు తగ్గించటం అలవాటు చేసుకున్నవారిలో 39 మందికే వచ్చింది. చెప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆ నడిచినవారి సగటు బరువు పెద్దగా తగ్గలేదు. కాటా వరకూ చూస్తే వాళ్ళందరూ ఓడినట్టే లెక్క. నూటికి పదహారు మంది ఇళ్ళలోకి షుగరు రాకుండా ఆగింది మాత్రం ఆ నడకతోనే. వాళ్ళు మా ఖాలాలాగా మూడో నెలలో కాటా చూసి మానేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఖాలాకు షుగరు ముందే ఉంది కాబట్టి ఆ అధ్యయనం ఆమె కొడుకులకు, కోడళ్ళకు. ఆమెకు వేరే లెక్క ఉంది. మోకాళ్ళ అరుగుదల ఉన్న పెద్దవారి మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. "మూడు కిలోలేనా" అన్న ఖాలా మోకాలి మీద అడుగడుగుకూ పన్నెండు కిలోలు దిగిపోయాయి. ఆ సంగతి మేము ఆ రోజు చెప్పగలిగి ఉంటే ఆమె ఆగేదేమో.

మసీదుల్లో వరుసల చివర కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. ఇరవై ఏళ్ళ కిందట ముసలివారికి ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు నలభై ఏళ్ళవాళ్ళు కూడా కూర్చుంటున్నారు. ఆరోగ్యం బాగాలేనివారికి షరీఅత్ ఇచ్చిన సౌకర్యం అది, ఎవరినీ తప్పుపట్టటంలేదు. కానీ మన తాతల కాలంలో దూది ఏకే విల్లు పట్టుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాళ్ళు మనవాళ్ళు. సాగర్ కుడి కాలవ నీళ్ళు వచ్చాక మాగాణుల్లో వంగి నాట్లు వేసినవాళ్ళు, కోతలు కోసినవాళ్ళు మన ఆడవాళ్ళు. ఆ పనులు పోయాయి. ప్లేట్లో అన్నం మాత్రం అప్పటంతే ఉంది, నూనె అప్పటికంటే ఎక్కువైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి 36 మంది, మగవాళ్ళలో 31 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య ఆడవాళ్ళలో 24.

నూనె విషయంలో ఒక చిన్న పరీక్ష చెప్తాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2,000 కాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలన్నారు. ఐదుగురున్న ఇంటికి నెలకు దాదాపు నాలుగు కిలోలు, అంటే నాలుగున్నర లీటర్లకు లోపు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో, బిర్యానీలు, పకోడీలు కలుపుకుని, ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. మా కమిటీ సభ్యులం మా ఇళ్ళలో అడిగాం. ఎంత వచ్చిందో ఇక్కడ రాయదలచుకోలేదు.

రంజాన్ మాట కూడా చెప్పాలి. రోజాలుంటే సన్నబడతామని కొందరు, పండక్కి మళ్ళీ లావవుతామని కొందరు అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అనేక దేశాల పరిశోధనలు కలిపి చూస్తే ఆ నెలలో సగటున కిలో పైచిలుకు తగ్గుతారు, పండగ తర్వాత కొన్ని వారాల్లో అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. రోజా ఉండేది అల్లాహ్ కోసం, కాటా కోసం కాదు. అయితే ఇఫ్తార్‌కు డబ్బిచ్చే దాతలను ఒకటి కోరుతున్నాం. ఖర్జూరాలు, గంజి, పండ్లకు ఇవ్వండి. సమోసాలు, మిర్చిబజ్జీలకు ఇచ్చేవారు ఎలాగూ ఉన్నారు. షుగరు బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవారు రోజాలకు ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి. తిండి బాగా తగ్గించి మందు అలాగే వేసుకుంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. ఇది రంజాన్‌కే కాదు, బరువు తగ్గటానికి తిండి మార్చుకునే ఎవరికైనా వర్తిస్తుంది. ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే మాత్రం సంతోషించకండి, వెంటనే చూపించుకోండి.

2025 నుంచి మన దేశంలో దొరుకుతున్న మౌంజారో, వెగోవీ సూదుల గురించి అడిగే దాతలున్నారు. అవి పనిచేస్తాయి. డాక్టరు చీటీ మీద, ఖర్చు భరించగలిగినవారికి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ అనే మందు ఆపేసినవారికి ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని దాని మీద జరిగిన అధ్యయనంలోనే తేలింది. అంటే సూది వేయించుకున్నా, వేయించుకోకపోయినా నిలకడగా చేసుకోవలసిన పని మిగిలే ఉంటుంది.

ఆ నిలకడ మన దీన్‌కు కొత్త కాదు. చేసేది కొంచెమైనా విడవకుండా చేసే అమలే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని మహాప్రవక్త (స) బోధించిన సంగతి మనం జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. ఒంటి బరువు గురించి మాట్లాడటం సిగ్గు అనుకునే మన ఆడవాళ్ళకు మేము ఇంకొకటి గుర్తుచేస్తుంటాం. హజ్రత్ ఆయిషా (రజి) తామే చెప్పిన సంగతి అది. వయసులో సన్నగా ఉన్నప్పుడు ప్రవక్త (స)తో పరుగుపందెం వేసి ఆమె గెలిచారు. తర్వాత ఒళ్ళు వచ్చాక మళ్ళీ పందెం వేస్తే ఆయన గెలిచారు. అప్పటిదానికి ఇది చెల్లు అని ఆయన నవ్వులాటగా అన్నారు. ఒళ్ళు వచ్చిందని దాచుకోలేదు, దానితోనే పరుగెత్తారు. ఈ ముచ్చట చెప్పాక నడకకు వచ్చే ఆడవాళ్ళ సంఖ్య ఎంత పెరిగిందో మేము లెక్క పెట్టలేదు కానీ, నవ్వుకుంటూ నడిచేవాళ్ళు పెరిగారు.

ఈ ఏడాది మా రిజిస్టరు మార్చాం. ఇదివరకు పేరు, తేదీ, బరువు అని మూడు గళ్ళే ఉండేవి. ఇప్పుడు బరువు నెలకు ఒక్కసారే, పొద్దున పరగడుపున చూస్తున్నాం. ముందు నడుం చుట్టుకొలత టేపుతో తీస్తాం. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదని మన దేశానికి పెట్టిన హద్దు. బరువు కదలని నెలల్లో కూడా చాలామందికి టేపు కదులుతోంది, నడిచేవారిలో కొవ్వు తగ్గి కండ నిలుస్తుంది కాబట్టి. పరగడుపు షుగరు, బీపీ, ఆ నెలలో ఎన్ని రోజులు నడిచారు అన్నవి మరో మూడు గళ్ళు. చివరి గడి మేమే కల్పించుకున్నది. నమాజు నేల మీదా, కుర్చీలోనా? డాక్టర్లు చూసి నవ్వారు గానీ, మనవాళ్ళు ముందుగా అడిగి రాయించుకునేది ఆ గడినే. మూడు నెలలు గడిచినా ఏ గడీ కదలకపోతే థైరాయిడ్ పరీక్షకు నరసరావుపేట పంపుతున్నాం.

ఖాలా మళ్ళీ వచ్చింది. కాలి పుండు మానింది, బిళ్ళలు క్రమంగా వేసుకుంటోంది. కొత్త రిజిస్టరులో ఆమె మొదటి బరువు 77. "మళ్ళీ మొదటికొచ్చానుగా" అని గొణిగింది. నడుం 98 సెంటీమీటర్లు. రెండో నెల వచ్చేసరికి బరువు 76 కిలోల 600 గ్రాములు, నడుం 96, నడిచిన రోజులు 22. పరగడుపు షుగరు చూసి తనే వేలితో ఆ గడి మీద కొట్టి "ఇది రాయి, ఇది పెద్దగా రాయి" అంది. నమాజు ఇంకా మంచం అంచునే చదువుతోంది.

ఆడవారికి కొలతలు నెల మొదటి ఆదివారం, మగవారికి ఆ మర్నాడు ఫజర్ తర్వాత. రంజాన్‌లో కాటా బయటికి తీయం, షవ్వాల్ మూడోవారంలో తీస్తాం. టేపులు రెండున్నాయి, సరిపోతాయి. షుగరు స్ట్రిప్పులు మాత్రం అయిపోవచ్చాయి.